‘అయిపోయింది సార్’ అనే ముందు

విండోస్ కొట్టడం ఇప్పుడు పెద్ద విద్యేం కాదు. పెన్‌డ్రైవ్ గుచ్చి నెక్స్ట్ మీద నెక్స్ట్ నొక్కుకుంటూ పోతే, ఎస్‌ఎస్‌డీ ఉన్న సిస్టమ్‌లో అరగంటకి డెస్క్‌టాప్ వచ్చేస్తుంది. ఇంటర్ పిల్లలు యూట్యూబ్ చూసి ఇంట్లోనే వేసుకుంటున్నారు. అయినా మా షాపుకి గిరాకీ తగ్గలేదు. మర్నాడు ప్రింటర్ పలకలేదనో, సౌండ్ రావట్లేదనో, రాత్రి బాగానే ఉన్నది పొద్దున ఆన్ కావట్లేదనో అదే సిస్టమ్‌ని ఆటోలో వేసుకుని మా దగ్గరికి తెస్తారు. గృహప్రవేశం రోజు పాలు పొంగినంత మాత్రాన ఇల్లు బాగున్నట్టు కాదు కదా. కుళాయిలు తిప్పాలి, స్విచ్చులు వేయాలి, వాన పడ్డాక కప్పు చూడాలి. ఓఎస్ ఎక్కడం పాలు పొంగడం. నేను చెప్పబోయేది కుళాయిల సంగతి.

నేను పని నేర్చుకున్నది సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో, చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో. సీటీసీ అంటే తెలియని హార్డ్‌వేర్ మనిషి మన వైపు దొరకడు. విండోస్ ఎక్స్‌పీ అప్పుడప్పుడే ఊపందుకుంటున్న రోజులు. అక్కడ ఒక చిన్న కొట్లో మా మాస్టారి దగ్గర స్క్రూడ్రైవర్ పట్టాను. తరవాత ఖమ్మం వచ్చి సొంత బోర్డు పెట్టుకున్నాను గానీ, చేతి అలవాట్లన్నీ ఆయనవే.

ఇన్‌స్టలేషన్ పూర్తయ్యిందని చెప్పగానే ఆయన మమ్మల్ని కుర్చీలోంచి లేపేసేవారు. ‘లెయ్యి, ఇప్పుడు నేను కస్టమర్ని’ అని కూర్చునేవారు. వర్డ్ తెరిచి తన పేరు టైపు చేసేవారు, ప్రింట్ ఇచ్చేవారు, పాట పెట్టేవారు, జేబులోంచి ఏదో ఫ్లాపీ తీసి దూర్చేవారు, షట్‌డౌన్ చేసి మళ్లీ ఆన్ చేసేవారు. ఒక్కటి తేడా వచ్చినా మాటా పలుకూ లేకుండా లేచి వెళ్లిపోయేవారు. ఆ మౌనానికి తిట్లే నయమనిపించేది. ‘నువ్వు చేసే పనులు సిస్టమ్ ఎప్పుడూ చేసిపెడుతుంది. వాళ్లు చేసే పనులు చేస్తుందో లేదో చూడు’ అని ఎప్పుడో ఒకసారి అనేవారు.

అందుకని చెకింగ్ అనేది ఫార్మాట్ కొట్టకముందే మొదలుపెట్టాలి. ‘ఈ సిస్టమ్ మీద మీరేం చేస్తారండీ’ అని అడుగు. ‘ఏముంది, ఊరికే నెట్ చూస్తాం’ అంటారు. నమ్మకు. మూలనున్న ప్రింటర్ గురించి ఎవరూ చెప్పరు, అది వాళ్ల కళ్లకి గోడలో కలిసిపోయి ఉంటుంది. నువ్వే పాత ఓఎస్‌లోకి వెళ్లి ప్రింటర్ల లిస్టు, డివైస్ మేనేజర్, ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాముల పేజీ, డెస్క్‌టాప్, అన్నిటికీ ఫోన్‌తో ఫొటోలు తీసుకో. తరవాత ఏం పనిచేయాలో చెప్పే పత్రం అదే. ఫాంట్స్ ఫోల్డర్ విడిగా కాపీ చెయ్యి. శుభలేఖలు వేసే డీటీపీ వాళ్ల సిస్టమ్ అయితే ఇది మరీ ముఖ్యం. పేజ్‌మేకర్, అను ఫాంట్లు వాళ్లకి అన్నం పెట్టేవి. అవి యూనికోడ్ కావు. ఆ ఫాంట్ లేని సిస్టమ్‌లో పాత ఫైల్ తెరిస్తే పెళ్లికూతురి పేరున్న చోట పిచ్చి ఇంగ్లీషు అక్షరాలు కనిపిస్తాయి. మాఘమాసంలో ఓ కుర్రాడు అలాంటి సిస్టమ్‌ని ఫార్మాట్ కొట్టి, ఫాంట్లు లేకుండా తిరిగిచ్చాడు. ప్రెస్సు యజమాని ఆ కుర్రాడితో పాటు అతని వంశాన్నంతా తలుచుకున్నాడు. అందుకే డీటీపీ సిస్టమ్ తిరిగిచ్చేటప్పుడు కొత్త పేజీలో టైపు చేసి చూస్తే సరిపోదు. వాళ్ల పాత ఫైల్ ఒకటి, సాధ్యమైనంత పాతది, తెరిచి చూడాలి.

ఇక ఓఎస్ ఎక్కింది. ముందు తెరవాల్సింది డివైస్ మేనేజర్. పసుపు గుర్తులున్నాయా అని అందరూ చూస్తారు, అది మొదటి మెట్టు. పసుపు గుర్తుకి ప్రాపర్టీస్‌లోకి వెళ్లి డీటెయిల్స్‌లో హార్డ్‌వేర్ ఐడీ చూడు. అందులో ‘వెన్’ పక్కన ఉండే నాలుగు అంకెలే ఆ చిప్పు ఇంటిపేరు. 8086 అంటే ఇంటెల్, వాళ్ల పాత ప్రాసెసర్ నంబరునే పెట్టుకున్నారు. 10ఈసీ అంటే రియల్‌టెక్, 10డీఈ అంటే ఎన్విడియా, 1002 అంటే ఏఎండీ. మాస్టారు వీటిని ఎక్కాల్లా వల్లె వేయించారు. ఇంటిపేరు తెలిస్తే డ్రైవర్ కోసం ఊరంతా తిరగక్కర్లేదు. ఊరూపేరూ లేని డ్రైవర్ ప్యాక్ ప్రోగ్రాములు దింపుకుని, పసుపు గుర్తుతో పాటు నాలుగు చెత్త టూల్‌బార్లు తెచ్చిపెట్టే అవసరమూ ఉండదు.

అసలు కిటుకు వేరే ఉంది. పసుపు గుర్తు ఒక్కటీ లేకపోయినా సిస్టమ్ సగమే పనిచేస్తూ ఉండొచ్చు. డిస్‌ప్లే అడాప్టర్స్ తెరిచి చూడు. ‘మైక్రోసాఫ్ట్ బేసిక్ డిస్‌ప్లే అడాప్టర్’ అని ఉంటే గ్రాఫిక్స్ డ్రైవర్ పడలేదని అర్థం. పసుపు గుర్తు రాదు, బొమ్మ వస్తుంది, కస్టమర్ తీసుకెళ్తాడు. ఇంటికెళ్లాక వీడియో ముక్కలు ముక్కలుగా ఆడుతుంది, బ్రైట్‌నెస్ తగ్గదు, రెండో మానిటర్ పెడితే పలకదు. సౌండ్ సంగతీ ఇంతే. స్పీకర్‌లో పాట వచ్చింది కదా అని వదలకు. ముందువైపు జాక్‌లో హెడ్‌ఫోన్ పెట్టు, ఎడమా కుడీ విడివిడిగా విను, మైక్‌లో మాట్లాడి రికార్డు చేసి విను. యూఎస్‌బీ పోర్టులన్నిటిలో పెన్‌డ్రైవ్ పెట్టి తియ్యి. కెమెరా తెరిచి నీ మొహం నువ్వు చూసుకో. 2020లో ఆన్‌లైన్ క్లాసులు మొదలయ్యాక కెమెరా, మైకు లేని లాప్‌టాప్ ఇంట్లో పెద్ద గొడవే.

ఇప్పుడు అందరూ దాటేసే చోటుకి వద్దాం. రీజియన్ సెట్టింగ్స్.

మా ఊరి మార్కెట్ యార్డు మిర్చికి పేరు. సీజన్లో యార్డు దగ్గరికి వెళ్తే తుమ్ములు ఆగవు. అక్కడి అడ్తిదారుల ఆఫీసుల్లో కొన్ని సిస్టమ్‌లు మా షాపు చూస్తుంది. వాటి లోపల దుమ్ముకి కూడా ఘాటే, కేబినెట్ విప్పేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోవాల్సిందే. ఒక అడ్తి ఆఫీసులో యజమాని మేనల్లుడు కొత్త ఎస్‌ఎస్‌డీ వేసి విండోస్ ఎక్కించాడు. కుర్రాడు మంచివాడే. డ్రైవర్లన్నీ పడ్డాయి, రైతులకిచ్చే తక్‌పట్టీ రసీదు డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ మీద చక్కగా వస్తోంది. వారం పది రోజులకి గుమాస్తా నాకు ఫోన్ చేశాడు. ‘అన్నా, ఎక్సెల్‌లో వడ్డీ లెక్క పిచ్చెక్కిస్తోంది. నిన్న ఇచ్చిన అడ్వాన్సుకి రెండు నెలల వడ్డీ మైనస్‌లో చూపిస్తోంది’ అన్నాడు.

వెళ్లి కూర్చున్నాను. ఫార్ములా జోలికి పోలేదు. తేదీల కాలమ్ వైపు చూస్తూ ఉన్నాను. కొన్ని తేదీలు గడిలో కుడివైపుకి జరిగి ఉన్నాయి, కొన్ని ఎడమవైపుకి అంటుకుని ఉన్నాయి. జబ్బు అక్కడే తెలిసింది. ఎక్సెల్ దేన్నైనా తేదీగా గుర్తిస్తే కుడివైపు నిలబెడుతుంది, గుర్తించకపోతే మాట అనుకుని ఎడమవైపు వదిలేస్తుంది. కుర్రాడు ఇన్‌స్టాల్ చేసేటప్పుడు యునైటెడ్ స్టేట్స్ అని ఉన్నదాన్ని అలాగే వదిలి నెక్స్ట్ కొట్టాడు. అమెరికా వాళ్లు నెల ముందు రాస్తారు. గుమాస్తా మార్చి ఐదు అనుకుని 05-03 అని కొడితే సిస్టమ్ దాన్ని మే మూడుగా తీసుకుంది. పన్నెండో తేదీ దాకా అన్నీ ఇలాగే నెలా రోజూ తారుమారు. పదమూడు నుంచి నెల అనుకునే వీలు లేదు కాబట్టి అవి తేదీలే కాకుండా పోయాయి. రీజియన్‌ని ఇంగ్లీష్ ఇండియాకి మార్చాను. కొత్తగా కొట్టేవి సరిగ్గా పడ్డాయి. కానీ లోపలికి వెళ్లిపోయిన తప్పు తేదీలు రీజియన్ మార్చినంత మాత్రాన సరికావు, మే మూడు మే మూడుగానే ఉంటుంది. చిట్టా పుస్తకం పక్కన పెట్టుకుని గుమాస్తా ఒక్కొక్కటీ చదువుతుంటే మేనల్లుడు దిద్దాడు. సాయంత్రం దాకా పట్టింది. తప్పు చేసినవాడి చేతులతోనే దిద్దించడం నా ఉద్దేశం. ఇప్పుడా కుర్రాడు యార్డులో నాకు పోటీ. పని బాగా చేస్తాడు.

కాబట్టి ఎక్సెల్ తెరిచి ఒక గడిలో 13-01-2025 అని కొట్టు. కుడివైపు జరిగితే రీజియన్ మనది. ఎడమవైపు ఉంటే వెనక్కి వెళ్లు. పక్క గడిలో పన్నెండు లక్షల పైచిలుకు అంకె వేసి కామాలు పెట్టించు. 12,34,567 అని లక్షల్లో విడిపోవాలి. 1,234,567 అని మిలియన్లలో విడిపోతే మన గుమాస్తాలకి సున్నాలు లెక్కపెట్టుకోవడమే పనవుతుంది. తరవాత ఎట్ గుర్తు కొట్టు. కొటేషన్ గుర్తు పడిందంటే కీబోర్డు బ్రిటన్ లేఅవుట్‌లో ఉంది. రూపాయి గుర్తు 2010లో వచ్చింది. ఇంగ్లీష్ ఇండియా కీబోర్డు ఉంటే కుడివైపు ఆల్ట్ పట్టుకుని 4 నొక్కితే ₹ పడుతుంది. ఇది చూపిస్తే కస్టమర్ మొహం వెలిగిపోతుంది. విండోస్ మొత్తం ఎక్కించినదానికన్నా దీనికే ఎక్కువ మెచ్చుకుంటారు, ఏం చేస్తాం.

తెలుగు కూడా చూడు. నోట్‌ప్యాడ్‌లో ‘స్త్రీ’ అని కొట్టు. మూడు హల్లులు ఒకదాని కింద ఒకటి సరిగ్గా కూర్చుంటే మిగతావన్నీ కూర్చున్నట్టే. ఎక్స్‌పీలో తెలుగు గౌతమి ఫాంట్‌తో వచ్చేది గానీ, రీజనల్ సెట్టింగ్స్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్ అనే గడికి టిక్కు పెట్టి మళ్లీ సీడీ పెడితేనే అక్షరాలు కనిపించేవి. లేకపోతే వరసగా డబ్బాలే. విండోస్ 8 నుంచి నిర్మల ఫాంట్ దానంతటదే ఉంటోంది. కొత్తవాళ్లకి ఆ డబ్బాల బాధ తెలియదు.

గడియారం దగ్గర ఒక్క నిమిషం ఆగు. కొత్త ఓఎస్ ఒక్కోసారి అమెరికా పసిఫిక్ టైమ్‌తో లేస్తుంది. టైమ్ జోన్ లిస్టులో మన లైను ‘చెన్నై, కోల్‌కతా, ముంబై, న్యూఢిల్లీ’ అని ఉంటుంది, హైదరాబాద్ కోసం వెతక్కు. టైమ్ సరిచేశాక సిస్టమ్ ఆపి, పవర్ కేబుల్ గోడ నుంచి పీకేసి టీ తాగి రా. ఆన్ చేయగానే తేదీ ఎన్నో ఏళ్లు వెనక్కి పోయి ఉంటే మదర్‌బోర్డు మీదున్న సీఎమ్‌ఓఎస్ బ్యాటరీ అయిపోయిందన్నమాట. రూపాయి బిళ్లలాంటి 2032 నంబరు సెల్. అది మార్చకుండా పంపితే కరెంటు పోయిన ప్రతిసారీ తేదీ పోతుంది, బ్రౌజర్ ఏ సైటు తెరిచినా సురక్షితం కాదంటుంది, బ్యాంకు సైటు ససేమిరా అంటుంది. ‘నువ్వు విండోస్ వేశాకే నెట్ పోయింది’ అని మాట మన మీదికొస్తుంది. విండోస్ పక్కన లైనక్స్ కూడా వేస్తే ఒకదాంట్లోంచి ఇంకోదాంట్లోకి వెళ్లినప్పుడల్లా టైమ్ అయిదున్నర గంటలు జరుగుతుంది. లైనక్స్ బోర్డు గడియారాన్ని గ్రీన్‌విచ్ టైమ్ అనుకుంటుంది, విండోస్ మన టైమ్ అనుకుంటుంది. లైనక్స్‌లో బోర్డు గడియారాన్ని లోకల్ టైమ్‌గా తీసుకొమ్మని ఒక కమాండ్ ఇస్తే ఇద్దరికీ రాజీ కుదురుతుంది.

మాస్టారు నన్ను ఒంటరిగా పంపిన మొదటి పెద్ద కాల్ గురించి చెప్పాలి. 2003 ఆగస్టు. మార్కెట్ అంతా ఒకటే గగ్గోలు. ఎక్స్‌పీ కొత్తగా వేస్తాం, అంతా బాగుంటుంది, నెట్ కనెక్ట్ చేయగానే తెర మీద డబ్బా వచ్చి అరవై సెకన్ల నుంచి వెనక్కి లెక్కపెట్టి సిస్టమ్ రీస్టార్ట్ అవుతుంది. మళ్లీ నెట్, మళ్లీ డబ్బా. సీడీ చెడిందని కొందరు, ర్యామ్ పోయిందని కొందరు, మళ్లీ మళ్లీ ఫార్మాట్లు. మాస్టారు మాత్రం ఫోన్ వైరు పీకేసి సిస్టమ్‌ని అలా వదిలేశారు. గంట గడిచినా రీస్టార్ట్ కాలేదు. వైరు పెట్టారు, వెంటనే డబ్బా వచ్చింది. ‘జబ్బు లోపల లేదు, బయట్నుంచి వస్తోంది’ అన్నారు. అది బ్లాస్టర్ వైరస్. విండోస్‌లో ఆర్‌పీసీ అనే సర్వీసులో కంత ఉంది, దానికి అతుకు, అంటే ప్యాచ్, మైక్రోసాఫ్ట్ జులైలోనే విడుదల చేసింది. కొత్తగా వేసిన ఎక్స్‌పీలో ఆ అతుకు ఉండదు. ఫైర్‌వాల్ ఉన్నా దాన్ని మనమే ఆన్ చేయాలి. ఆ అతుకుని దింపుకోవడానికి నెట్‌కి వెళ్తే, అది దిగేలోపే వైరస్ ఎక్కుతుంది.

మాస్టారు ప్యాచ్‌ని సీడీలో రైట్ చేసి నా చేతిలో పెట్టి ఒక నెట్ సెంటర్‌కి పంపారు. అక్కడ సిస్టమ్‌లన్నీ వరసగా లెక్కపెట్టుకుంటూ ఆరిపోతున్నాయి. ముందు హబ్‌కి వచ్చే ఇంటర్నెట్ వైరు తీసేశాను, తరవాత ఒక్కో సిస్టమ్ వైరు. లెక్క మొదలైన చోట రన్‌లోకి వెళ్లి షట్‌డౌన్ కమాండ్‌కి మైనస్ ఏ తగిలిస్తే ఆగేది. టాస్క్ మేనేజర్‌లో ఎంఎస్‌బ్లాస్ట్ అనే పేరు వెతికి ఆపి, దాన్ని తుడిచి, ఫైర్‌వాల్ ఆన్ చేసి, ప్యాచ్ వేసి, పక్కదానికి. ‘చివరి సిస్టమ్ అయ్యేదాకా ఒక్క వైరు కూడా పెట్టకు’ అన్నది మాస్టారి షరతు. ఓనరు గోల పెడుతున్నా పెట్టలేదు. అన్నీ ఒకేసారి కలిపాక ఒక్కటి కూడా ఆరలేదు. తిరిగొస్తే మాస్టారు ఏమీ అనలేదు గానీ, మర్నాటి నుంచి కాల్స్‌కి నా పేరు రాయడం మొదలుపెట్టారు. 2004 ఆగస్టులో వచ్చిన సర్వీస్ ప్యాక్ 2లో ఫైర్‌వాల్ దానంతటదే ఆన్ అయ్యి రావడంతో ఆ బెడద తగ్గింది. కానీ అలవాటు పోలేదు. ఇప్పటికీ నెట్ వైరు పెట్టే ముందు ఫైర్‌వాల్, డిఫెండర్ ఆన్‌లో ఉన్నాయా అని చూస్తాను. నువ్వూ చూడు.

నెట్ వచ్చాక అప్‌డేట్లు. ఒక్కసారి నొక్కి వదిలేస్తే చాలదు. అయ్యాక రీస్టార్ట్, మళ్లీ చెక్, ఇంకేం లేవనేదాకా. ఆ తరవాత డివైస్ మేనేజర్ ఇంకోసారి చూడాలి. ఎందుకంటే నువ్వు కష్టపడి వేసిన డ్రైవర్ని తీసి విండోస్ తనకి నచ్చింది పెట్టుకుని ఉండొచ్చు.

ఆపి ఆన్ చేయడంలో కూడా ఒక మెలిక ఉంది. విండోస్ 8 నుంచి ఫాస్ట్ స్టార్టప్ వచ్చింది. షట్‌డౌన్ చేస్తే పూర్తిగా ఆగదు. కెర్నల్‌ని డిస్క్ మీద దాచుకుని పడుకుంటుంది, పొద్దున దాన్నే తీసి లేస్తుంది. రీస్టార్ట్ ఇస్తేనే మొత్తం కొత్తగా మొదలవుతుంది. మన షాపుల్లో జరిగేదేంటంటే డ్రైవర్లు వేస్తూ రీస్టార్టులే చేస్తాం, అన్నీ బాగుంటాయి. కస్టమర్ ఇంట్లో షట్‌డౌన్ చేస్తాడు, పొద్దున వైఫై ఉండదు. అందుకని రెండూ చెయ్యాలి. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కితే నిజంగా ఆగుతుంది, అది మూడోది. లాప్‌టాప్ అయితే మూత వేసి పావుగంట వదిలి తెరువు. తెర వెలగాలి, వైఫై దానంతటదే పట్టుకోవాలి, టచ్‌ప్యాడ్ కదలాలి. మూత వేసి లేపకుండా ఏ లాప్‌టాప్‌నీ కౌంటర్ దాటించను.

ఓఎస్ తప్పా, వస్తువు తప్పా అన్నది తేల్చడం అనుభవం మీద వస్తుంది. కొత్త పిల్లలు ఈవెంట్ వ్యూయర్ తెరిచి ఎర్ర గుర్తులు చూసి కంగారు పడతారు. డీకామ్ 10016 అనేది ఎంత ఆరోగ్యంగా ఉన్న విండోస్‌లోనైనా కనిపిస్తుంది, దాని జోలికి పోకు. భయపడాల్సినవి వేరు. డిస్క్ పేరుతో 7 నంబరు ఉంటే బ్యాడ్ బ్లాక్. 153 ఉంటే డిస్క్ అడిగినదానికి మొదటిసారి జవాబివ్వలేదు. కెర్నల్ పవర్ 41 అంటే సిస్టమ్ చెప్పాపెట్టకుండా ఆగింది, ముందు ఎస్‌ఎంపీఎస్ వైపు, యూపీఎస్ వైపు చూడు. క్రిస్టల్ డిస్క్ ఇన్ఫోలో కాషన్ అని పసుపు రంగు కనిపిస్తే ఎంత కొత్త విండోస్ అయినా ఆ డిస్క్ మీద నిలవదు. కస్టమర్‌కి ఆ తెర చూపించి చెప్పు. నోటితో చెబితే కొత్త డిస్క్ అంటగట్టడానికి చూస్తున్నావనుకుంటారు.

బ్లూ స్క్రీన్ ఒకే కోడ్‌తో వస్తే డ్రైవర్ని అనుమానించు. ప్రతిసారీ కొత్త కోడ్‌తో వస్తే ర్యామ్‌ని అనుమానించు. ర్యామ్ స్టిక్ తీసి బంగారు రంగు కాళ్లని పెన్సిల్ రబ్బరుతో మెత్తగా రుద్ది, పొడి దులిపి మళ్లీ పెట్టడం మన దేశంలో ప్రతి హార్డ్‌వేర్ షాపులోనూ ఉన్న వైద్యమే. నవ్వులాట కాదు, తేమకి పట్టిన మురికి పోయి చాలాసార్లు కుదురుతుంది. కుదరకపోతే మెమ్‌టెస్ట్ పెట్టి రాత్రంతా వదిలెయ్యి. పొద్దున ఒక్క ఎర్రగీత ఉన్నా స్టిక్ మార్చాల్సిందే, ‘ఒక్కటే కదా’ అని బేరం పనికిరాదు. సిస్టమ్ ఫైల్స్ కోసం ఎస్‌ఎఫ్‌సీ స్కాన్‌నౌ ఒకసారి నడుపు. కొత్త ఓఎస్‌లో అది తప్పులు చూపిస్తే పెన్‌డ్రైవ్‌లోని కాపీ చెడిందనో, డిస్కో ర్యామో చెడిందనో లెక్క.

యాక్టివేషన్ గురించి. విండోస్ 8 రోజుల నుంచి కంపెనీ లాప్‌టాప్‌ల కీ మదర్‌బోర్డులోనే ఉంటుంది. అదే ఎడిషన్ వేస్తే అడక్కుండానే యాక్టివేట్ అవుతుంది. మన దగ్గర అమ్మే చాలా లాప్‌టాప్‌లకి వచ్చేది హోమ్ సింగిల్ లాంగ్వేజ్. గొప్పగా ఉంటుందని ప్రో వేస్తే డబ్బు పెట్టి కొన్న లైసెన్సు పక్కన పడి, దొంగ యాక్టివేటర్ కోసం వెతుకులాట మొదలవుతుంది. ఆ యాక్టివేటర్లు పనిచేయాలంటే ముందు యాంటీవైరస్ ఆపమంటాయి. తలుపు తీసి పెట్టి దొంగని ఏమనగలం? మా షాపులో అవి వాడం. దానికి కొందరు కస్టమర్లు పోయారు, పోనీ.

విండోస్ 11లో కొత్తగా చూడాల్సింది ఇంకొకటి. 24హెచ్2 వెర్షన్‌ని కొత్తగా వేసి మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయితే డిస్క్ ఎన్‌క్రిప్షన్ చాలా లాప్‌టాప్‌లలో దానంతటదే ఆన్ అవుతుంది. రేపు బయాస్ అప్‌డేట్ చేసినా, బోర్డు మార్చినా 48 అంకెల రికవరీ కీ అడుగుతుంది. కీ ఆ అకౌంట్‌లో ఉంటుంది. షాపువాళ్లు కస్టమర్ పేరున ఏదో ఒక మెయిల్ సృష్టించి పాస్‌వర్డ్ మరిచిపోతే పిల్లల ఫొటోలు, పొలం కాగితాల స్కాన్‌లు అన్నీ పోయినట్టే. అందుకని అకౌంట్ వాళ్ల సొంతది, వాళ్ల ఫోన్‌కి ఓటీపీ వచ్చేది అయి ఉండాలి. సిస్టమ్ ఇచ్చే ముందు రికవరీ కీ ప్రింట్ తీసి, ఇంటి పత్రాలతో పెట్టుకోమని చేతికివ్వు.

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. విండోస్ 11కి టీపీఎం 2.0 కావాలి, ఇంటెల్ అయితే మామూలుగా ఎనిమిదో తరం నుంచే ఒప్పుకుంటుంది. బాగానే పనిచేసే పాత సిస్టమ్‌లు ఇళ్లలో, చిన్న బళ్లలో బోలెడున్నాయి. వాటికి నేను లైనక్స్ మింట్ వేస్తున్నాను. దాంట్లో ఫెయిలైన సర్వీసులు చూపించమని సిస్టమ్‌సీటీఎల్‌ని, ఈ బూట్‌లో వచ్చిన ఎర్రర్లు చూపించమని జర్నల్‌సీటీఎల్‌ని అడిగితే దాపరికం లేకుండా చెబుతాయి. తంటా అంతా ప్రింటర్లతోనే. హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 మన ఊళ్లలో ప్రతి రెండో ఆఫీసులో ఉంటుంది. దాని బుర్ర దాని దగ్గర ఉండదు. ఆన్ చేసిన ప్రతిసారీ కంప్యూటరే ఫర్మ్‌వేర్ పంపాలి. విండోస్ డ్రైవర్ ఆ పని తనే చేసుకుంటుంది, లైనక్స్‌లో హెచ్‌పీ ప్లగిన్ వేయాలి. అంతకుముందే విండోస్ నుంచి ఫర్మ్‌వేర్ ఎక్కి ఉన్న ప్రింటర్‌ని ఆపకుండా తెచ్చి లైనక్స్‌కి తగిలిస్తే టెస్ట్ పేజీ రావొచ్చు కూడా. సాయంత్రం స్విచ్ ఆపి పొద్దున వేస్తే మాత్రం రాదు. అందుకే టెస్ట్ పేజీ వచ్చాక ప్రింటర్ ఆపు, మళ్లీ ఆన్ చెయ్యి, ఇంకో పేజీ తియ్యి. లెక్కలోకి తీసుకోవాల్సింది ఆ రెండో పేజీని.

ఇదంతా చేస్తే ఇన్‌స్టలేషన్‌కి పట్టిన టైమ్ కన్నా చెకింగ్‌కే ఎక్కువ పడుతుంది. పక్క షాపువాడు సగం ధరకి చేస్తున్నాడని కస్టమర్ అంటాడు, నిజమే, చేస్తున్నాడు. బిల్లులో ఓఎస్ వేసినందుకు ఎంత, చెక్ చేసినందుకు ఎంత అని రెండు లైన్లుగా రాయి. మొదటి లైను తగ్గించమంటే తగ్గించు. రెండో లైను మాత్రం తగ్గించకు.